తెల్లటి 'నరం' కనబడితే కాలం పోనివ్వకండి

(యౌవనుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఒక గాయం గురించి మాట్లాడుకుందాం. బెంగళూరు, చెన్నై, ముంబయి వీధులను తెల్లవారకముందే ఊడ్చేవారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. తరాల క్రితం వలస వచ్చి అక్కడే స్థిరపడిన దళిత కుటుంబాలవి. మన సంఘాల వారూ వారిలో ఉన్నారు. చీకట్లో రోడ్డు మీద పనిచేసేవారికి, బైకు మీద డ్యూటీకి వెళ్లేవారికి ప్రమాదం జరిగితే తరచుగా దెబ్బతినేది మోకాలి కింది భాగం. అక్కడ ముందువైపు చర్మం కిందనే ఎముక ఉంటుంది. చీలమండ దగ్గర కండ చాలా తక్కువ. చర్మం ఊడిపోతే స్నాయువులు తెల్లటి తాళ్లలా బయటపడతాయి. ఇంట్లో మనం వాటిని 'నరాలు' అంటాం. నిజానికి అవి కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు. పాదం పైకి లేవాలన్నా, వేళ్లు కదలాలన్నా అవే ఆధారం.

ఇలాంటి గాయానికి రోజూ కట్టు మారుస్తూ కూర్చుంటే సరిపోదు. గాలికి ఎండిన స్నాయువు చచ్చిపోతుంది, చీము పడుతుంది. "తొడ చర్మం తీసి అతికిస్తే పోదా?" అని అడుగుతారు. విత్తువాని ఉపమానం గుర్తు చేసుకోండి. రాతి నేల మీద పడిన విత్తనం తేమ లేక ఎండిపోయింది. అతికించిన పలుచటి చర్మానికి సొంత రక్తనాళాల దారి ఉండదు, కింది నేల నుండే రక్తం అందాలి. స్నాయువు మీది సన్నటి పొర పోయి ఉంటే ఆ నేల రాయిలాంటిదే. అక్కడ చర్మం పట్టదు.

అందుకే వైద్యులు ముందుగా గాయాన్ని బాగా కడిగి, చచ్చిన కండను, మట్టిని తీసేస్తారు. ఎముక విరిగితే కదలకుండా బిగిస్తారు. అవసరమైతే గాలిని పీల్చే యంత్రంతో వ్యాక్యూమ్ కట్టు వేస్తారు. కొద్ది భాగమే బయటపడితే దానితో కొత్త కండ పెరిగి, తర్వాత చర్మం అతికించవచ్చు. ఎక్కువగా బయటపడితే ఫ్లాప్ కావాలి. అంటే మొక్కను వేరుమట్టితో సహా తెచ్చి నాటినట్టు, రక్తనాళం ఉన్న కండనో చర్మాన్నో తెచ్చి కప్పడం. మోకాలి దగ్గరి గాయానికి పిక్క పైకండను, నడిమి భాగానికి దాని కిందనున్న కండను తిప్పుతారు. చీలమండ దగ్గరైతే పిక్క వెనుక చర్మాన్ని కిందికి తిప్పుతారు, లేదా తొడ నుండి తీసిన భాగాన్ని మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలిపి కుడతారు. ఇది ప్లాస్టిక్ సర్జన్ పని. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసమే అనుకోకండి.

ఇక్కడే న్యాయం ప్రశ్న వస్తుంది. ఎముక కూడా విరిగి గాయం తెరుచుకుంటే 72 గంటల లోపు కప్పేయడం మంచిదని బ్రిటన్ వైద్య ప్రమాణాలు చెబుతున్నాయి. మన పేదలు మాత్రం చిన్న ఆసుపత్రిలో కట్టు మార్పించుకుంటూ వారాలు గడుపుతారు. భాష రాదు, కూలి పోతుంది, ఎవరిని అడగాలో తెలియదు. 2025లో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స ఉంది. కానీ అది ప్రమాదం జరిగిన నాటి నుండి 7 రోజులకే. తమిళనాడులో 2021 డిసెంబరు నుండి ఉన్న పథకంలో ఎక్కడివారికైనా మొదటి 48 గంటల చికిత్స ఉచితం. ఆలస్యమైతే కాలూ పోతుంది, ఆ హక్కూ పోతుంది.

కొన్ని కాళ్లను నిలబెట్టలేరు, అది నిజమే. ప్రాణం కోసం తీసేయవలసి వస్తుంది. కానీ ఆ నిర్ణయానికీ లెక్క ఉంది. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి వైద్యులు రూపొందించిన స్కోరు చర్మాన్నీ ఎముకనూ కండ-స్నాయువులనూ వేరువేరుగా తూచి చూస్తుంది. కాలు తీయాలంటే "ప్లాస్టిక్ సర్జన్ చూశారా?" అని మర్యాదగా అడగడం మన హక్కు.

యౌవనులారా, మీరు చేయగలిగిన పనులు ఇవి. గాయం మీద పసరు, పసుపు, సున్నం పెట్టనివ్వకండి. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, 108కి గాని 112కి గాని ఫోన్ చేయండి. సాయం చేసినవారిని పోలీసులు పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ మీకు రక్షణ. స్థానిక భాష వచ్చినవారు పెద్దవారితో వెళ్లి వైద్యునికి, వారికి మధ్య మాట చెప్పండి. పోలీసు, ఆసుపత్రి కాగితాలు దాచండి, పరిహారానికి అవే ఆధారం. ఫ్లాప్ వేశాక పొగ తాగనివ్వకండి, అది రక్తనాళాలను ముడుస్తుంది. షుగర్ అదుపులో ఉంచండి. ఫిజియోథెరపీ మాన్పించకండి. ఇంట్లో పొయ్యి వెలుగుతుందో లేదో సంఘం చూసుకోవాలి.

మంచి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడంతో ఆగలేదు. తన వాహనం మీద ఎక్కించి, పూటకూళ్లవాని ఇంటికి చేర్చి, ఖర్చు ఇచ్చి, మిగిలింది తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. కట్టు దగ్గర ఆగిపోకుండా, సరైన చోటికి చేర్చేదాకా నడవడమే పొరుగువాని ప్రేమ. ఆ నడకకు ప్రభువు మనల్ని బలపరచును గాక. ఆమేన్.