మూడో ఏడాది సియోల్‌లో



నేను ఫ్రాన్స్‌లోని సియాన్స్ పోలో అంతర్జాతీయ వ్యవహారాలు చదివాను. రెండేళ్లు లె హావ్ర్ రేవుపట్టణంలో. మూడో ఏడు తప్పనిసరిగా వేరే దేశంలో గడపాలి; నేను సియోల్ ఎంచుకున్నాను.

కొరియా యుద్ధం 1953 జూలై 27న ఆగింది గానీ శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు. ఇది పుస్తకంలో చదవడం వేరు, పక్క బెంచీ కుర్రాడు చదువు ఆపి సైన్యంలోకి వెళ్లడం చూడటం వేరు. స్వదేశానికి వెళ్లమన్న యుద్ధఖైదీల సంగతి తేల్చిన తటస్థ దేశాల కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్యే అధ్యక్షులు. వాళ్లకు కాపలా కాసిందీ మన సైనికులే. అక్కడి ప్రొఫెసరుగారు చెబితేనే నాకు తెలిసింది.

సోషల్ మాస్టార్లకు నా మనవి: ఏడాదిలో ఒక్క పీరియడ్ దీనికివ్వండి.