నడక మంచిదే – పాదం జాగ్రత్త!

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఆసుపత్రి ఆవరణలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



మీవాళ్లకు షుగర్ ఉంటే, ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు "రోజూ నడవండి" అని చెప్తారు. ఆ నడకలో ఇంటివాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. దాన్ని నేను సోమశిలలో నేర్చుకున్నాను.

మా సంఘంలో శనివారం పొద్దున కలిసి నడిచేవాళ్లం కొందరం ఉన్నాం. ఒక ఎండాకాలం అందరం సోమశిలకు బయలుదేరాం. కొల్లాపూర్ నుంచి అది సుమారు 10 కిలోమీటర్లు. చివర్లో బండి దిగి, మాట్లాడుకుంటూ నడిచాం.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. డ్యాం వెనుక నీళ్లు నిలిచాక కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఇక్కడి పాత గుళ్లను రాళ్లు విప్పి తెచ్చి ఎత్తయిన చోట మళ్లీ కట్టారు. అవతలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండి, నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది. మాతో వచ్చిన ఒక ముసలమ్మ నీళ్ల వైపు చెయ్యి చాపి, "నేను పుట్టిన ఇల్లు అక్కడుండె" అంది. ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, ఆ రోజు దారి పొడవునా మాట్లాడింది. నలుగురితో కలిసి నడిస్తే ఒంటికే కాదు, మనసుకూ మంచిదే.

మధ్యాహ్నం ఘాట్ మెట్ల దగ్గరికి చేరాం. చెప్పులు పైన విడిచి నీళ్ల దాకా దిగాలి. రాయి పెనంలా కాలుతోంది. మేమంతా గంతులేస్తూ పరుగెత్తాం. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న ఒక పెద్దాయన మాత్రం నిదానంగా, ఒక్కొక్క మెట్టు దిగుతూ వచ్చాడు.

"పెదనాయనా, రాయి కాలుతలేదా?" అని అడిగాను.

"నాకేం తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు.

అందరం నవ్వి, ఆయన ఓర్పును మెచ్చుకున్నాం. నర్సునై ఉండి నేను కూడా నవ్వాను. ఆ మాట వినగానే ఆయన్ను నీడకు తీసుకుపోయి పాదాలు చూడవలసింది. చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఆయన భార్య కాళ్లు కడుగుతుంటే రెండు అరికాళ్లకూ బొబ్బలు కనిపించాయి. ఆయనకు నొప్పే లేదు. ఆమె సొంత వైద్యం చేయలేదు. బొబ్బలు చితపలేదు, పసరు పూయలేదు. శుభ్రమైన గుడ్డ కప్పి, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకొచ్చింది. మానడానికి చాలా వారాలు పట్టింది గాని, పాదం దక్కింది.

షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, రాయి కాలినా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే చిన్న పుండు పెద్దదై, వేలో కాలో తీసేయవలసి రావచ్చు. నొప్పి లేదంటే జబ్బు లేదని కాదు. వాళ్ల పాదానికి తెలియనిది మీ కంటికి తెలియాలి.

అందుకే ఇవి గుర్తుంచుకోండి:

• రోజూ పడుకునే ముందు పాదాలు, అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. ఒంటరిగా ఉండేవారు అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు.

• కడిగాక వేళ్ల మధ్య తడి తుడవండి. నీళ్ల వేడిని మీ మోచేతితో చూడండి.

• ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవనివ్వకండి. చెప్పులు, బూట్లు దులిపి వేయండి. గుడికో, చర్చికో వెళ్లి చెప్పులు విడవాల్సి వస్తే, ఎండ ఎక్కకముందే వెళ్లండి.

• ఆనెలను బ్లేడుతో కోయకండి.

• పుండు, బొబ్బ, వాపు, నలుపు, ఏది కనబడినా నడక ఆపి, అదే రోజు ఆసుపత్రికి రండి.

• నడకకు వెళ్లేటప్పుడు జేబులో చక్కెర ఉండాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

• నడుస్తుంటే ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపి, ఆసుపత్రికి రావాలి.

ఇంతా విని నడకకు భయపడకండి. డాక్టరుగారు సరేనంటే వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే షుగర్ అదుపులోకి రావడానికి ఎంతో సాయం. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. మీరూ పక్కన నడవండి. రోగిని చూసుకునేవారి ఆరోగ్యం కూడా ముఖ్యమే కదా.

ఆ పెద్దాయన ఇప్పుడు సరైన చెప్పులు వేసుకుని, మాతోపాటు మళ్లీ నడుస్తున్నాడు. నడక అయిపోయాక ఇంటి అరుగు మీద కూర్చుంటే, ఆమె పాదాలు చూస్తుంది.

ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి చర్చిలో వింటూనే ఉంటాం. ఇంట్లోవాళ్ల పాదాలు పట్టుకుని చూడడానికి సిగ్గుపడనక్కరలేదు. ఈ రాత్రే మొదలుపెట్టండి.