వంశములో రాచపుండు

మన యిండ్లలో రాచపుండు పేరును బిగ్గరగా ఉచ్చరింపరు. మేనత్త ఏ రోగముచే మరణించినదని వైద్యుడు అడిగినచో, ఏదో కడుపునొప్పియని తప్పించుకొందురు. పిల్లల సంబంధములు చెడునని ఒక భయము. వంశమున ఉన్న కేన్సరు సోకినవాడు ఇక బ్రదుకడని మరియొక భయము. మొదటిదానికి నాయొద్ద మందు లేదు. రెండవది విచారింపదగినది.

1895లో అమెరికాలోని మిచిగన్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అను వైద్యశాస్త్రజ్ఞునితో, ఆయన యింట బట్టలు కుట్టు స్త్రీ, తనవారందరివలె తానును కేన్సరుతోనే పోవుదునని చెప్పినది. అన్నట్లే చిన్నవయస్సుననే గర్భాశయ కేన్సరుతో మరణించినది. వార్తిన్ ఆమె బంధువుల వివరములు సేకరించి 1913లో ప్రకటించెను. కణము విభజన పొందునప్పుడు దొరలు తప్పులను సరిదిద్దు జన్యువులలో ఒకటి ఆ వంశమున చెడియున్నదని 2000లో తేలినది. ఇట్టి లోపమునకు నేడు లించ్ వ్యాధియని పేరు.

ఇట్టి వంశములవారికి రోగము వచ్చు అవకాశము హెచ్చు, అది నిజమే. వచ్చిన పిదప మాటయో? పెద్దప్రేగు కేన్సరు సమీపగ్రంథులకు ప్రాకి, శస్త్రచికిత్సానంతరము మందులు పుచ్చుకొనిన 1,087 మందిని గూర్చి 2008లో ఒక పరిశీలన వెలువడినది. వారిలో 195 మందికి తలిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరివారిలో అదే రోగముండెను. ఈ 195 మందిలో రోగము తిరుగబెట్టినవారు, మరణించినవారు కలిసి నూటికి 29, తక్కినవారిలో 38. ముందుగా పసికట్టుటచేతనే యందమా, అందరి రోగమును ఒకే దశలోనిది! సరిదిద్దు జన్యువు చెడిన కణితిలో తప్పులు మిక్కుటమై, దేహరక్షక కణములు దానిని పరాయిదిగా గుర్తించుట కొందరి విషయమున ఒక కారణము కావచ్చును. అయితే ఇది పెద్దప్రేగు మాట. అన్ని కేన్సరులకును అన్వయింపరాదు.

లించ్ లోపమున్నవారి సంతానములో ప్రతివారికిని అది సంక్రమించు అవకాశము సగము. రక్తపరీక్షతో తెలియును. ఉన్నవారికి సాధారణముగా ఇరువది, ఇరువదియైదేండ్ల ప్రాయమునుండియే ఏడాదికో రెండేండ్లకో ప్రేగులోనికి గొట్టము పంపి చూచెదరు; కేన్సరుగా మారకమునుపే బుడిపెలను తీసివేయుదురు. ఈ పరీక్ష ఎవరికి కావలయునో నిర్ణయించుటకు వైద్యుడు మొదట అడుగునది ఆ మేనత్త సంగతియే: రోగము ఏ అవయవమున పుట్టినది, అప్పటికి ఆమె వయస్సెంత, ఆమె తోబుట్టువులలో మరెవరికి వచ్చినది?