వృద్ధుల నోటి చరిత్ర



నిమ్మాడ మొదలు కోటబొమ్మాళి, టెక్కలి, పలాస దాటి ఉద్దానపు కొబ్బరితోటల వరకు గల గ్రామములలో ఎనుబదియైదు, తొంబది యేండ్లు నిండిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి జీవితకథలను వారి నోట విని వ్రాసికొనవలసిన యగత్యమును గూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేసెదను. ఈ పనికి పట్టణమునుండి పండితులు రానక్కరలేదు. చదువు వచ్చిన మీరును, సెలవులకు ఇల్లు చేరు మీ మనుమలును చాలుదురు.

1933వ సంవత్సరమున నిమ్మాడలో పుట్టిన యొక ముదుసలిని ఊహింపుడు. ఆమె పుట్టినది గంజాం జిల్లాలో. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాగా, ఆమె గడప దాటకయే విశాఖపట్టణము జిల్లాలోనికి వచ్చినది. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. పిదప 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో దాని విభజన. ఇవన్నియు పుస్తకములలో గలవు. కాని తవ్వెడు చోళ్ల కొఱకు ఆమె తల్లి ఎంత ప్రొద్దు వంగి నాట్లు వేసెనో, 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయిన వార్త ఆ వాడకు ఎవరు తెచ్చిరో, అది విని బుగత ఏమనెనో, కంబారి ఏమనుకొనెనో ఏ పుస్తకమునందును లేదు. నిమ్మాడ యనగానే అందఱకు ఎర్రన్నాయుడుగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన 1957లో ఆ యూర జన్మించిరి. శాసనసభలోను పార్లమెంటులోను ఆయన పలికిన పలుకులు అచ్చులో నిలిచియున్నవి. అదే యూర దుక్కి దున్నినవాని మాట ఎచ్చట నిలిచియున్నది?

గ్రామములు తిరిగి పెద్దల నడిగి వ్రాసికొనుట మనకు క్రొత్త కాదు. 1821లో మరణించిన కర్నల్ మెకంజీ దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున ఊరూరి కైఫీయతులను వ్రాయించెను. అవి లేకున్న అనేక గ్రామముల పూర్వచరిత్ర మనకు దక్కియుండెడిది కాదు. అయితే అందు ఎక్కువగా పలికినవారు కరణములు, అర్చకులు, దొరతనము చేసినవారి వంశీకులు. గుడి ఎవరు కట్టించిరి, మాన్యము ఎవరిది, శిస్తు ఎంత అన్నవే వారి యెదుట నుంచిన ప్రశ్నలు. కూలి చేసిన స్త్రీని అడిగినవారు అరుదు. ఆ కొఱత తీర్చుట మన పాలికి వచ్చినది.

ఇంతకంటె మనకు దగ్గఱివాడు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863లో శ్రీముఖలింగమునకు దూరము గాని పర్వతాలపేటలో పుట్టిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. సవరల భాషకు అప్పటికి లిఖితగ్రంథములు లేవు. సవరలను ఇంట నుంచుకొని, వారికి అన్నము పెట్టి, వారి యెదుట తాను శిష్యుడై కూర్చుండి ఆ భాష నేర్చిరి. వారి పాటలు, కథలు వ్రాసికొనిరి. ఆయన వ్రాసిన సవర భాషా గ్రంథము 1931లో వెలువడినది. వినువాడు శిష్యుడు, చెప్పువాడు గురువు అన్న ఆ వరుస మన పనికి ప్రాణము వంటిది. కళాశాలలో చదివిన మనుమడు తాత మాటను దిద్దుటకు పూనుకొన్నచో ఆ ముసలాయన నోరు మూసికొనును. నేను ఈ ప్రసంగమును గ్రాంథికమున చేయుచున్నాను. అది నా అలవాటు, పంతులుగారి యాత్మ మన్నించుగాక. ముసలమ్మ మాటను మాత్రము గ్రాంథికమునకు త్రిప్పకుడు. ఆమె "ఏటి" అన్న "ఏటి" అనియే వ్రాయుడు.

ఆలసించినచో పోవునది ఏమో ఒక ఉదాహరణముతో చెప్పెదను. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో సాసుమాన గున్నమ్మ నేలకొరిగినది. అడవిలో వంటచెఱకు కొట్టుకొను హక్కు కొఱకు పుట్టిన తగవు అది. గున్నమ్మ పేరు నేడు అందఱు ఎఱుగుదురు. కాని ఆ దినమున ఊరి స్త్రీలు ఎచ్చట నిలిచిరి, బిడ్డలను ఎక్కడ దాచిరి, ఆ రాత్రి ఏ యింట పొయ్యి వెలిగినది, మఱునాటినుండి పుల్లలు ఎక్కడ తెచ్చుకొనిరి అన్నవి కన్నవారికే తెలియును. ఆనాడు ఏడేండ్ల బిడ్డకు నేడు తొంబది దాటినవి. అట్టివారు ఎందఱు మిగిలియుందురో మీరే లెక్కింపుడు.

రంగము పోయినవారి కథయు నట్టిదే. మన తీరపు గ్రామములనుండి బర్మాకు కూలికై ఓడ నెక్కినవారు వేలకొలది. 1941 డిసెంబరు 23న జపానువారు రంగముపై బాంబులు వేసిన పిమ్మట అనేకులు అరకాను కొండలు, అడవులు నడచి వచ్చిరి. దారిలో రాలినవారును అనేకులు. నడచివచ్చినవారు దాదాపు గతించిరి. వారి నోట విన్న కొడుకులు, కూతుండ్రు ఉన్నారు. విన్న మాటను విన్నదిగానే, చూచినదానిని చూచినదిగానే వేఱుగా వ్రాసికొనవలెను. ఈ రెంటిని కలిపినచో రెండును చెడును.

ఇంక అడుగు విధము. "తాతా, నీ జీవితము చెప్పు" అన్నచో "ఏటున్నాది బాబూ, కష్టపడ్డాం, బతికేం" అని ఊరకుండును. ప్రశ్న చిన్నది కావలెను, చేతికి తగులునది కావలెను. అటకమీది కుంచమును దింపి ముందుంచి, దీనితో ఎవరికి ఏమి కొలిచితిరని యడుగుడు. సంవత్సర మడిగిన తెలియదనును. అప్పటికి పెద్దకొడుకు నడచుచుండెనా, ఆ తుపాను ముందా వెనుకనా యని యడిగిన ఠక్కున చెప్పును. ఉద్దానములో 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను అట్టి గుర్తు; పడిపోయిన కొబ్బరిచెట్టు ఎవరు నాటినదో అడిగిన రెండు తరములు వెనుకకు పోవచ్చును. భర్త ప్రక్కన కూర్చుండగా భార్య పలుకదు. మనుమరాలు వంటయింటిలో, కూర తఱుగుచు అడిగిన కథ వేఱుగా నుండును.

ఉద్దానమునకు మఱియొక తొందర కలదు. అచ్చటి మూత్రపిండముల వ్యాధి నడివయస్సుననే అనేకులను తీసికొనిపోవుచున్నది; దాని కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. కావున అక్కడ ముదుసలి యగు వఱకు వేచియుండుట తగదు. ఏ బావి నీరు ఎప్పటినుండి త్రాగిరి, తోటలో ఏ మందు ఎప్పుడు చల్ల మొదలిడిరి, ఎండలో ఎన్ని గంటలు పనిచేసిరి అన్న సంగతులు ఒక్కొక్క యింట వ్రాసియుంచినచో, ఏనాటికైనను వైద్యులకు పనికిరావచ్చును.

చెప్పనివారిని బలవంతపెట్టరాదు. 1968-70 నడుమ ఈ ప్రాంతమున సాగిన సాయుధపోరాటమును, పోలీసు చర్యలను చూచినవారు కొందఱు నేటికిని ఆ మాట యెత్తిన లేచిపోవుదురు. భూమి సంగతి చెప్పిన కోర్టుకెక్కవలసి వచ్చునేమోయని మఱికొందఱి భయము. "ఇది వ్రాయవద్దు" అన్నచో కలము మూయుడు, సెల్‌ఫోను ఆపుడు. మఱునాడు తానే పిలిచి చెప్పవచ్చును, చెప్పకపోవచ్చును. వ్రాసినదానిని చదివి వినిపించి, ఔనన్న పిదపనే దాచుడు.

స్వరమును సెల్‌ఫోనులో పట్టుట మేలే. కాని ఫోను పాడైన స్వరమును పోవును. నోటుపుస్తకములో నకలు తప్పక యుండవలెను. ఒకటి ఇంట, ఒకటి ఊరి గ్రంథాలయముననో పాఠశాలలోనో ఉంచుడు. ఉపాధ్యాయుడైన కాళీపట్నము రామారావుగారు 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి తెలుగు కథలను చేర్చిరి. అచ్చైన కథకు అట్టి యిల్లు దొరకినది. అచ్చుకాని కథకు మొదటి యిల్లు మీ పెట్టెయే.

సంక్రాంతికి హైదరాబాదునుండి, విశాఖనుండి పిల్లలు వత్తురు. పండుగ మూడుదినములలో ఒక్క సాయంకాలము చాలును. తొలుత పుట్టినతేదీ అడుగవలదు. చిన్నతనమున మంచినీళ్లు ఎక్కడినుండి తెచ్చెడివారు, ఆ దారిలో ఎవరెవరి యిండ్లుండెడివి అని యడిగింపుడు.