పాట యెవరిది?



మొన్నటి శ్రీరామనవమినాఁడు మా యూరి చలువపందిరిలో నొక తగవు పుట్టినది. పూజ ముగిసి పానకము పంచవలసిన వేళకు, మైకులో నెవరి పాటలు వేయవలయునను విషయమున యువకులు రెండు పక్షములుగాఁ జీలిరి. ఇళయరాజాగారివని యొకరు, కీరవాణిగారివని మఱియొకరు. మొదటి పక్షమువారు 1983లో వచ్చిన 'సాగరసంగమం' చిత్రమును సాక్ష్యమునకుఁ బిలిచిరి. రెండవవారు 1997 నాఁటి 'అన్నమయ్య'ను జూపిరి. ఈ రెండు చిత్రముల సంగీతమునకును జాతీయ బహుమానములు వచ్చినవే గావున తక్కెడ యెటును మొగ్గలేదు. అంతట రెండవ పక్షమువారు, 2023లోఁ గీరవాణిగారి పాటకు లభించిన ఆస్కారు బహుమానమును దెచ్చి తక్కెడలో వేసిరి. బహుమానములతోఁ బాటలను దూఁచుదురా యని మొదటివారు కేకలు వైచిరి. తలనెరసిన పెద్దలును నూరకుండలేకపోయిరి. సాలూరు రాజేశ్వరరావుగారి ముందు వీరెవ్వరని యొకరు, పెండ్యాల నాగేశ్వరరావుగారిని మఱచితిరా యని యొకరు నడుమఁ జొచ్చిరి. పానకపు బిందెమీఁద నీఁగలు ముసరినవి. కడపట నందఱును నా వంకఁ దిరిగి, "పంతులుగారూ, తీర్పు మీరు చెప్పండి" అనిరి.

నేను చెప్పలేదు. నలువది యేండ్ల క్రిందట నిట్టి తగవులోనే నేనొక తీర్పు చెప్పి యుంటిని. అది తప్పు తీర్పు. దానివలన నాకంటె నెక్కువ యెఱిఁగిన యొక పెద్దమనిషి నలుగురిలోఁ దల వంచుకొనవలసి వచ్చినది. నేఁటి నా ప్రసంగమునకు మూల మా సంగతియే.

ఇట్టి తగవులు చెడ్డవని నేను జెప్పఁబోను. రుచి యున్నచోటఁ దగవుండును. శాస్త్రీయ సంగీతమునందు త్యాగరాజస్వామివారి కృతులు ద్రాక్షాపాకమనియు, శ్యామశాస్త్రులవారివి కదళీపాకమనియు, ముత్తుస్వామి దీక్షితులవారివి నారికేళపాకమనియుఁ బెద్దలు చెప్పిరి. ద్రాక్ష నోటఁ బడినంతనే రుచి నిచ్చును. అరఁటిపండునకుఁ దొక్క యొలువవలయును. కొబ్బరికాయనుఁ బగులఁగొట్టవలయును. ఈ మాట చెప్పిన పెద్దలు మువ్వురలో నెవరు గొప్ప యని యడుగలేదు. ఎవరి రుచి యెట్లు తినినఁ దెలియునో చెప్పిరి. రసికుని పని యదియే.

సినిమా పాట పుట్టిన క్రొత్తలో దానికిఁ గర్త యెవరో పల్లెజనము లంతగా నడుగలేదు. 1932లో వెలువడిన 'భక్త ప్రహ్లాద' రంగస్థలమునుండి తెరకెక్కిన నాటకమే. మాకు సంగీతకర్తల పేళ్ళు నేర్పినది రేడియో. 1938 జూను 16న మద్రాసులోను, 1948 డిసెంబరు 1న విజయవాడలోను రేడియో కేంద్రములు మొదలైనవి. పిమ్మటఁ గొంతకాలమునకు మా యూరి పంచాయతీకొక రేడియో వచ్చినది. పాటకు ముందు చిత్రము పేరు, వ్రాసినవారి పేరు, పాడినవారి పేరు, సంగీతము కూర్చినవారి పేరు చదివెడివారు. చదువు రాని రైతులుసైత మా నాలుగు పేళ్ళును గంఠస్థము చేసిరి. సినిమాహాలు వాకిట నమ్ము పాటల పుస్తకములు మా బోఁటి చదువుకొన్నవారికి వేదములైనవి.

రచ్చబండకడఁ గూడినవారి వాదములలో సారము లేకపోలేదు. రాజేశ్వరరావుగారి పక్షమువారు 1951 నాఁటి 'మల్లీశ్వరి'ని, 1955 నాఁటి 'మిస్సమ్మ'ను జెప్పెడివారు. కృష్ణశాస్త్రిగారి మెత్తని మాటకు దెబ్బ తగులకుండ వరుస నల్లిన నేర్పు చూడుఁడనెడివారు. పెండ్యాలవారి పక్షమునకు 1959 నాఁటి 'జయభేరి', 1961 నాఁటి 'జగదేకవీరుని కథ' చాలును. ఆ రెండవదానిలో రాతిని గరఁగించు ఘట్టమునకు దర్బారీ కానడ రాగమున వారు కూర్చిన పాట విన్నవారికి, రాయి కరఁగెననుట కవి చమత్కారముగాఁ దోఁపదు. మఱియొకరు 1957 నాఁటి 'సువర్ణసుందరి'ని దెచ్చెడివారు. సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ అను నాలుగు రాగములను ఆదినారాయణరావుగారొక పాటలో దండ గ్రుచ్చిరి. హిందూస్థానీ రాగము పేరైన నెఱుఁగని మా పాలేరు పిల్లవాఁడా పాటను బసుల వెంటఁ బాడుకొనుచుఁ బోయెడివాఁడు. విద్యను దాఁచియుంచి యానందమును మాత్రము పంచిపెట్టుట యల్పమైన పనియా?

కె.వి. మహదేవన్‌గారి పక్షమువారి మాట నాకు మిక్కిలి యిష్టము. ఆయనకుఁ దెలుఁగు మాతృభాష గాదు. ఐనను గవి ముందు పాట వ్రాసి యిచ్చినఁ దరువాతనే వరుస కట్టుట కాయన యిష్టపడెడివారు. పుహళేందిగారు వారికి దక్షిణహస్తము. 1980లో విడుదలయైన 'శంకరాభరణం' జాతీయ బహుమానము పొందినది. కాని మాట ముందు, వరుస వెనుక యను నా మర్యాదయే నా మనసునకుఁ బెద్ద బహుమానము.

ఇఁక నా తప్పు చెప్పుదును. అది 1984వ సంవత్సరపు వేసవి. నేనప్పుడు క్రొత్తగాఁ దెలుఁగు పండితుఁడనైతిని. నాలుగు శాస్త్రపు ముక్కలు నోటికి వచ్చును; వినయ మింకను రాలేదు. ఒక సాయంకాలము పంచాయతీ రేడియోలో 'మాయాబజార్' చిత్రములోని పడవపాట వచ్చినది. వెన్నెలలో నభిమన్యుఁడును శశిరేఖయుఁ బడవలోఁ బోవు ఘట్టము, మోహన రాగము. పాట ముగియఁగానే ఘంటసాలగారి పక్షమువారు తమ గెలుపు చాటుకొనిరి. అప్పుడు మా యూరి సన్నాయి విద్వాంసుఁడు, అఱువది దాఁటిన పెద్ద, మెల్లఁగా నిట్లనెను.

"పాడింది ఘంటసాలగారే గాని, వరుస మాత్రం రాజేశ్వరరావుగారిదండీ."

అందఱును నవ్విరి. చిత్రమునందును, రేడియోలోను సంగీతము ఘంటసాలగారిదనియే యుండెను గదా. ఎట్లు తెలిసినదని నేనడిగితిని. "మల్లీశ్వరి పాటలు పెళ్ళిళ్ళలో వందసార్లు వాయించానండి. ఆ చెయ్యి నాకు తెలుసు" అనెను. నేను లేచి యింటికిఁ బోయి, పెట్టెలోని పాటల పుస్తకము దెచ్చి, అట్టమీఁది యక్షరములను వ్రేలితోఁ జూపి, "అచ్చులో నున్నదానిని గాదనుటకు నీవెవరవు?" అంటిని. నాకంటె ముప్పదియైదేండ్లు పెద్దవానిని నీవంటిని. ఆయన బదులాడలేదు. సన్నాయిని గుడ్డలోఁ జుట్టుకొని వెడలిపోయెను. అటుపిమ్మట నాయన రేడియోకడఁ గూర్చుండఁగా నేను చూడలేదు. నేను మాత్రము గెలిచితినని మురిసితిని.

పదునాలు గేండ్లకు, 1998లో, ఆ చిత్రమునుగూర్చిన యొక వ్యాసము నా కంటఁబడినది. 1957లో వెలువడిన 'మాయాబజార్'కు మొదట సంగీతమునకుఁ గుదిరినది రాజేశ్వరరావుగారే. నాలుగు పాటలకు వరుసలు కట్టి వారు తప్పుకొనిరి. అందు పడవపాట యొకటి. పిమ్మట ఘంటసాలగారు భారమును దలకెత్తుకొని, ఆ నాలుగింటికిని వాద్యములు కూర్చి, తక్కిన పాటలకు వరుసలు తామే కట్టిరి. తెరమీఁద వారి పేరే పడినది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా యెదుటఁ గూర్చుండి, పుస్తకము లేక, చెవితోనే యా నిజమును బట్టినవానిని నేను పుస్తకముతోఁ గొట్టితిని.

మఱునాఁడాయన యింటికిఁ బోయితిని. ఏఁబది యడుగుల దూరపు నడక నాకప్పు డేఁబది యామడలైనది. పండ్లూడి సన్నాయి మానియుండెను. విషయము చెప్పి, క్షమింపుఁడని యడిగి, "నలుగురిలో నంటిని గావున నలుగురిలోనే యొప్పుకొందును, రండి" అని రచ్చబండకడకుఁ దోడ్కొని వచ్చి, అందఱి యెదుటను జదివి వినిపించితిని. ఆయన విజయము చాటుకొనునని యనుకొంటిని. ఆయన యన్నమాట లివి.

"పాటంతా రాజేశ్వరరావుగారిదే అని నేననను పంతులుగారూ. వరుస ఆయనది. వాద్యాలు కూర్చింది ఘంటసాలగారు. పాడింది ఘంటసాలగారూ, లీలగారూను. మాటలు పింగళి నాగేంద్రరావుగారివి. మీమీద కోపంతో నేనూ ఇన్నేళ్ళు ఘంటసాలగారి వాటా ఆయనకివ్వలేదు. అదీ తప్పేగా."

అన్నదమ్ముల వాటాలు పంచి పెద్దమనుష్యులైన శ్రోతలకు నేను వేఱుగాఁ జెప్పవలసినదేమి? పొలము పంచునపుడు గట్టులు చూతుము, నూయి చూతుము, చెట్టు చూతుము. పాటను బంచునపుడు మాత్రము దస్తావేజుపైఁ బడిన పేరొక్కటి చూచి యంతయు నొక్కరికే వ్రాసి యిత్తుము. 'మల్లీశ్వరి'కే చూడుఁడు: రాజేశ్వరరావుగారితోపాటు అద్దేపల్లి రామారావుగారి పేరును సంగీతమునకుఁ గలదు, రచ్చబండ వాదములలో నా రెండవ పేరు నే నొక్కనాఁడును వినలేదు. వీణ మీటినవాఁడు, వేణువూఁదినవాఁడు, తబలా వాయించినవాఁడు, వీరి పేళ్ళు రేడియోలోనైనను రాలేదు. అభిమానము వలన నొకరి కీర్తి పెరుగుట మంచిదే. మఱియొకరి వాటా దానిలోఁ గలసిపోరాదు.

న్యాయశాస్త్రమున గౌతమమహర్షి చర్చ మూఁడు విధములని చెప్పెను. నిజము తెలియుటకైన చర్చ వాదము. గెలుచుటకైనది జల్పము. తనకొక మతము లేక యెదుటివానిని బడగొట్టుట మాత్రమే పనియైనది వితండ. ఆ వేసవి సాయంకాలమున నేను చేసినది జల్పము. సన్నాయి విద్వాంసుఁడు చేసినది వాదము. ఆయన చెవికిఁ బ్రత్యక్షమైనది చెప్పెను. అచ్చుపుస్తకమును బ్రమాణమే కాని, యెదుట వినఁబడుచున్న పాటకంటె బలమైన ప్రమాణము గాదు. నేను చదివిన శాస్త్రము నాకీ మాట చెప్పుచునే యుండెను, నేను వినలేదు.

మఱియొక సంగతి. ఘంటసాలగారు తామే సంగీతకర్తలు. ఐనను 1961లో పెండ్యాలవారి దర్బారీ కానడ పాటను, అంతకు ముందు 1957లో ఆదినారాయణరావుగారి నాలుగు రాగముల పాటను, వారు కట్టిన వరుసకుఁ గట్టుబడి తమ ప్రాణము పెట్టి పాడిరి. ఒకరి విద్య కింకొకరు తమ గొంతు నిచ్చిరి. వారి పేర మనము మాటలు మానుకొనుట యెంత వింత!

నవమినాఁడు పందిరిలో నేనీ కథ చెప్పి, యువకుల నొక్కటి కోరితిని: ఎవరి పక్షమువారు వారి పాట వేయరాదు, ఎదుటివారి సంగీతకర్త పాట యొకటి మీరే యేరి వేయుఁడు, వేసి దానిలో మీకు నచ్చినది చెప్పుఁడు, బహుమానముల మాట యెత్తవలదు. కొంతసే పెవ్వరును గదలలేదు. పిదపఁ గీరవాణిగారి పక్షపు పిల్లవాఁడొకఁడు లేచి తన చేతి ఫోనులో వెదకి యిళయరాజాగారి పాట నొకదానిని బెట్టి, "ఇందులో వయొలిన్లు మాటకి అడ్డం రావు పంతులుగారూ, మాట ఆగినచోట మాట్లాడతాయి" అనెను. నాకా మాట వినఁగానే మా సన్నాయి విద్వాంసుఁడు జ్ఞప్తికి వచ్చెను. ఆయన యిపుడు లేఁడు. ఉండిన నా పిల్లవాని వీఁపు తట్టియుండును.

తగవు తీఱలేదు. ఇళయరాజాగారి పక్షము, కీరవాణిగారి పక్షము మా యూర నింకను గలవు, ఉండవలసినవే. పానకము మాత్ర మందఱకును జేరినది.

మీ యూళ్ళలోఁ బిల్లలిట్టి తగవుతో మీకడకు వచ్చినచో వారిని గసరి పంపకుఁడు, తొందరపడి తీర్పును జెప్పకుఁడు. ముందు పాట పెట్టుమనుఁడు. మూలఁ గూర్చుండి మాటాడక వినుచున్నవాఁడెవఁడైన నుండునేమో చూడుఁడు. వానిని మొదట నడుగుఁడు.

సెలవు.