వంకాయ టోపీ, కోతి చెవులు

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు సంఘం కార్యదర్శి గారు "నీ ఇంజనీరింగ్ అనుభవాలు నాలుగు చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్లుగా థర్మల్ పవర్ స్టేషన్లో బాయిలర్ల మరమ్మతులు చూస్తున్నవాణ్ణి. బాయిలర్ ట్యూబు ఎందుకు పగులుతుందో గంటసేపు చెప్పగలను. కానీ నా తర్వాత భోజనాలున్నాయి. అందుకని టోపీ గురించి మాట్లాడతానన్నాను. "ఎవరికి పెట్టావేమిటి?" అని అడిగారాయన. మనవరాలికి పెట్టానండీ. ఊలుతో నా చేత్తో నేనే అల్లి పెట్టాను. అది వంకాయ టోపీ.

మా అమ్మాయి అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటుంది. కిందటేడాది డిసెంబరులో మనవరాలి మొదటి పుట్టినరోజుకి రెండు నెలలు సెలవు పెట్టి నేనూ మా ఆవిడా వెళ్లాం. మనకి సంక్రాంతి నెలలో సముద్రం గాలి కాస్త చల్లగా తగిలితే మంకీ క్యాప్ తీస్తాం. అక్కడ చలికాలం రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకి 20 డిగ్రీలు కిందికి పోవడం వింత కాదు. చెవులు కప్పుకోకుండా వీధి చివరిదాకా వెళ్లొస్తే, అవి ఉన్నాయో లేదో తడిమి చూసుకోవాలి. పసిబిడ్డని బయటికి తీసుకెళ్లాలంటే టోపీ తప్పదు. ఎలాగూ తప్పదు కనక దాంతోనే సరదా తీర్చుకుంటారు. పిల్లల నెత్తిన స్ట్రాబెర్రీలు, గుమ్మడికాయలు, గుడ్లగూబలు కనిపిస్తాయి. ఎటు చూసినా మంచు పేరుకుని, లోకమంతా తెలుపూ బూడిదరంగూ అయిపోయిన రోజున, స్ట్రోలర్లో కూర్చుని ఒక స్ట్రాబెర్రీ ఎదురొస్తే ఎంత ముసలివాడికైనా నవ్వొస్తుంది.

మన పిల్ల నెత్తిన స్ట్రాబెర్రీ ఎందుకు అనిపించింది నాకు. మా అమ్మాయికి గుత్తివంకాయ కూరంటే ప్రాణం. నిగనిగలాడే ఊదారంగు కాయ, పైన ఆకుపచ్చ ముచ్చిక, దాని మీద తొడిమ. దేవుడు టోపీ పెట్టి పుట్టించిన కాయ ఏదైనా ఉంటే అది వంకాయే. మా ఆవిడతో చెబితే, "మొదటి పుట్టినరోజుకి బంగారం పెడతారు గానీ, వంకాయ పెడతారుటండీ?" అంది.

ఇంటి దగ్గరి లైబ్రరీలో శనివారం మధ్యాహ్నాలు అల్లేవాళ్లు పదిమంది చేరతారు. వాళ్లలో ఒక పెద్దావిడ నాకు సూదులు పట్టడం నేర్పింది. మగాణ్ణి వచ్చానని ఎవరూ వింతగా చూడలేదు. పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్య టాకీలే అనే దీవి ఉందట. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్లే. ఆ దీవి నేత, అల్లిక కళలని యునెస్కో 2005లో గుర్తించింది కూడా. ఇది విన్నప్పుడు నాకు మన బడిలో ఒక సంగతి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు అల్లిక అంటే ఏమిటో ఇంజనీరు బుద్ధితో రెండు ముక్కలు. మగ్గం మీద నేసిన గుడ్డలో పడుగూ పేకా తిన్నగా ఉంటాయి, అందుకే అది సాగదు. అల్లికలో ఉన్నది ఒకే పోగు. దాన్ని ఉచ్చుగా చేసి, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోతాం. పోగంతా వంకర్లు తిరిగి ఉంటుంది కనక లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఆ ఉచ్చుల మధ్యా, ఊలు పీచుల మధ్యా గాలి కదలకుండా నిలబడిపోతుంది. వెచ్చదనం ఆ గాలిది. ఆవిరి పైపులకి మేం చుట్టే మినరల్ ఊల్ చేసే పని కూడా అదే.

ఇక లెక్క. చిన్న నమూనా ముక్క అల్లి కొలిచాను. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు వచ్చాయి. పాప తల చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. అయితే 92 కుట్లు అని గర్వంగా మొదలుపెట్టాను. నాలుగు సాయంత్రాల పని తర్వాత పెట్టి చూస్తే వంకాయ జారి పాప ముక్కు మీదికొచ్చింది. టోపీ తలకన్నా చిన్నదిగా ఉండాలట, సాగి పట్టుకోవడానికి. బేరింగుని షాఫ్టు మీదికి బిగుతుగా ఎక్కించడం, ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ అంటాం మేం, నా ఉద్యోగమంతా చేసిన పని. టోపీ దగ్గర గుర్తు రాలేదు. మొత్తం విప్పేశాను.

రెండోసారి 42 సెంటీమీటర్లు, 84 కుట్లు. ఆరు భాగాలు చేస్తే భాగానికి 14. వంకాయ ముచ్చికకి కోసుగా రేకులుంటాయి కదా, ఆరు భాగాలకి ఆరు రేకులు. మొదటి వరుసలో భాగానికి 1 ఆకుపచ్చ కుట్టు, 13 ఊదా. తర్వాతి వరుసలో 3, 11. అలా 5, 7, 9, 11 చేసుకుంటూ ఏడో వరుసకి 13 ఆకుపచ్చ, 1 ఊదా. ఆ పైన అంతా ఆకుపచ్చే. కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ రెండు రంగులతో అల్లేటప్పుడు వాడని రంగు పోగుని వెనకనుంచి మోసుకుపోవాలి. దాన్ని వదులుగా విడవాలి, దూరం ఎక్కువైతే మధ్యలో ఒకసారి పట్టించాలి. నాకు వదులంటే భయం. నట్టు బిగించినట్టు బిగించాను. పైనుంచి చూస్తే వంకాయ బ్రహ్మాండం. లోపల పోగులు తీగల్లా బిగుసుకుని ఉన్నాయి. టోపీ పాప తలకి ఎక్కలేదు.

లైబ్రరీ పెద్దావిడ లోపలివైపు తిప్పి చూసి, "రిపిట్, రిపిట్" అంది. ఇంగ్లీషులో విప్పెయ్యి, విప్పెయ్యి అని. వింటే కప్ప అరుపులా ఉంటుంది కనక, విప్పడాన్ని అక్కడ కప్ప పని అంటారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ సూది లాగేసి పోగు పట్టి లాగాను. ఒక్కొక్క ఉచ్చూ టపటపా ఊడుతోంది. తొమ్మిది సాయంత్రాల పని రెండు నిమిషాల్లో పోతోంది. ఆ చప్పుడు నేను అంతకు ముందు విన్నాను.

1981 డిసెంబరు. మేం ఎనిమిదో తరగతి. వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లు. ఆడపిల్లలకి కుట్లు, అల్లికలు. మగపిల్లలకి చాక్‌పీసుల తయారీ, తోటపని. మా క్లాసులో జాలరిపేట నుంచి వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు. పేరు చెప్పను. ఈ సంగతి చెప్పడానికి మాత్రం నిన్న అతని అనుమతి తీసుకున్నాను. వాళ్ల నాన్న, చిన్నాన్నలు ఒడ్డున కూర్చుని వలలు అల్లుతుంటే చూస్తూ పెరిగినవాడు. ఊలు అల్లిక నేర్చుకుంటానని క్రాఫ్ట్ టీచరు గారిని అడిగాడు. "సూదికి ఆడా మగా తెలీదు, కూర్చో" అన్నారావిడ. టీచరు గారు ఇవాళ మన మధ్య లేరు.

ఆడపిల్లలు వారం రోజులు తంటాలు పడింది వాడికి ఒక్క పీరియడ్లో వచ్చేసింది. చెల్లెలికి మంకీ క్యాప్ మొదలుపెట్టాడు. "కోతి టోపీ అన్నాక కోతి చెవులుండొద్దా?" అని దానికి రెండు గుండ్రటి చెవులు కూడా పెడతానన్నాడు. అలాంటి టోపీ అప్పటికి మన ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. మేం ఆ చెవుల సంగతి ఆలోచించలేదు. ఆడపిల్లల వైపు కూర్చున్నాడన్నదే చూశాం. వాడికి ఊలమ్మ అని పేరు పెట్టాం. "మేం" అనడం న్యాయం కాదు. పెట్టింది నేను. వారం తిరిగేసరికి బడంతా ఊలమ్మ అంది.

ఒకరోజు అన్నం బెల్లు కొట్టాక వాడి సంచిలోంచి టోపీ తీశాను. నడినెత్తి దాకా వచ్చింది, ఇంకో నాలుగు వరుసలైతే అయిపోయేది. సూది లాగేసి పోగు పట్టుకుని లాగాను. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వాడు వచ్చేసరికి బల్ల మీద ఊలు కుప్ప పడి ఉంది. విప్పిన ఊలు తిన్నగా ఉండదు, ఉచ్చు ఎక్కడ తిరిగిందో అక్కడల్లా వంకీ తిరిగే ఉంటుంది. వాడు ఏడవలేదు, కొట్టలేదు. ఆ వంకీల ఊలుని వేళ్లకి చుట్టి ఉండ చేసుకుంటూ కూర్చున్నాడు. ఎవరు చేశారని టీచరు గారు అడిగారు. వాడికి తెలుసు, చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తర్వాతి పీరియడ్‌కి వాడు చాక్‌పీసుల వైపు వచ్చేశాడు.

వలలు అల్లేది మగవాళ్లే, మగ్గం మీద కూర్చునేది మగవాళ్లే. మన ఊళ్లో రోజూ చూస్తూ కూడా ఆ మాట నా బుర్రకి తట్టలేదు. 43 ఏళ్ల తర్వాత పరాయి దేశపు లైబ్రరీలో తట్టింది.

మూడోసారికి వంకాయ కుదిరింది. పైన తొడిమ కోసం నాలుగు కుట్లతో సన్నటి గొట్టంలాంటి తాడు అల్లాలి. విస్కాన్సిన్లో ఉండిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే గొప్ప అల్లికల ఆవిడ దానికి ఐ-కార్డ్ అని పేరు పెట్టారు. అంతకు ముందు దాన్ని తెలివితక్కువవాళ్ల తాడు అనేవారట. నాకు పాత పేరే సరిపోయింది. పాప ఆ టోపీ పెట్టుకుని తొడిమ నోట్లో పెట్టుకోవాలని అరగంట ప్రయత్నించింది. కొట్లో పచ్చళ్లు కొనడానికి వచ్చిన తెలుగావిడ ఒకరు "గుత్తివంకాయ!" అని అక్కడే ఆగిపోయి ఫోటో తీసుకున్నారు. మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

ఆ తర్వాత ఇంకో టోపీ అల్లాను. మంకీ క్యాప్, రెండు చెవులతో. నిన్న సాయంత్రం అది పట్టుకుని జాలరిపేట వెళ్లాను. అతను పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. ఏమనాలో ఎన్నిసార్లు అనుకున్నానో, అక్కడికెళ్లాక ఒక్కటీ నోట రాలేదు. "ఒరేయ్, ఆరోజు లాగింది నేనేరా" అన్నాను. "తెలుసుగా" అన్నాడు. కాసేపాగి, "ఆ చలికాలం మా చెల్లి తువ్వాలే చుట్టుకుంది" అన్నాడు. అంతే. తిట్టలేదు, పరవాలేదు అనీ అనలేదు.

టోపీ చేతికిచ్చాను. ముందు తిప్పి లోపల చూశాడు. తర్వాత చెవులు పట్టుకుని చూశాడు. "ఇవి విడిగా అల్లి కుట్టావు. అలా కాదు. టోపీలోంచే కుట్లు ఎత్తుకుని అల్లుకురావాలి. అప్పుడు లాగినా ఊడవు. సూదులు తెచ్చావా?" అన్నాడు. కారులో ఉన్నాయి, తెచ్చాను. నేను కుట్టిన చెవులు రెండూ ఊడదీశాడు. నేను చూస్తూ కూర్చున్నాను. మొదట చేతులు తడబడ్డాయి. "వలకి కన్ను కన్నుకీ ముడి ఉంటుంది. దీనికి ముడి లేదు, మర్చిపోయాను" అన్నాడు. చీకటి పడేలోగా రెండు చెవులూ అల్లేశాడు. అది వాళ్ల చెల్లెలి మనవరాలికి.

చివరిగా ఒక మనవి. మన బడిలో ఇప్పుడు క్రాఫ్ట్ పీరియడ్ లేదని హెడ్మాస్టరు గారు చెప్పారు. శనివారం ఒక గంట ఇస్తే, ఇరవై జతల సూదులూ, ఏడాదికి సరిపడా ఊలూ నేనిస్తాను. నేర్పడానికి అతను ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు, మగపిల్లలు కూడా కూర్చోవాలి. సంఘం పెద్దలు ఈరోజే ఒక మాట చెబితే సంతోషిస్తాను.

వంకాయ టోపీ మినియాపొలిస్‌లోనే ఉండిపోయింది, ఫోటో తెచ్చాను. కోతి టోపీ సాయంత్రం దాకా బయట బల్ల మీద ఉంటుంది. చేత్తో పట్టుకుని చూడండి, తిప్పి లోపలివైపు కూడా చూడండి. పోగు మాత్రం లాగకండి.