కొట్టుగదిలో గడ్డికోత మిషను



పండగకి ఇల్లు సర్దుకునేటప్పుడు చిల్లుపడిన బకెట్టు, కాలు విరిగిన కుర్చీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం. అందులో తప్పేం లేదు. అయితే వాటి వెనకాల, గోడకి జేరవేసి, రెండు ఇనపచక్రాలూ, వాటి మధ్య మెలితిరిగిన కత్తులూ, పొడుగాటి కర్రపిడీ ఉన్న బరువైన వస్తువొకటి కనిపిస్తే మాత్రం దాన్ని కాటా ఎక్కించకండి. అది చేత్తో తోసే గడ్డికోత మిషను, అదే లాన్ మూవర్. తూకానికి ఇస్తే వచ్చేది కాస్తంత ఇనుము ఖరీదు. అది చెప్పే కబుర్లు మాత్రం దాంతోపాటే కొలిమిలో పడతాయి.

"ఇనపసామాన్ల గొడవ మనకెందుకమ్మా, అది మగవాళ్ళ పని" అంటారేమో. ఈ మిషను పుట్టిందే గుడ్డలోంచి, తెలుసా? ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి చుట్టుపక్కల ఉన్ని మిల్లులు ఉండేవి. నేసిన ఉన్నిగుడ్డ మీద లేచిన నూగుని సమంగా కత్తిరించడానికి అక్కడ మెలికల కత్తులున్న యంత్రం వాడేవారు. గుడ్డ మీద నూగుని కోసేది నేల మీద గడ్డిని ఎందుకు కొయ్యదు అనుకున్నాడు ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన. 1830లో పేటెంటు తీసుకున్నాడు. అంతవరకూ పచ్చికని కొడవళ్ళతో కోసేవారు, లేదా గొర్రెల చేత మేపించేవారు. 1832 నుంచి ఇప్స్విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ కూడా వీటిని తయారుచేసింది. 1842లో స్కాట్లండులో షాంక్స్ అనే ఆయన పొట్టి గుర్రం లాగే పెద్ద మిషను చేశాడు. డెక్కలు పచ్చికలో దిగబడకుండా ఆ గుర్రాలకి తోలు జోళ్ళు తొడిగేవారట! మన దేశంలో పెద్ద తోటల్లో ఆ పని ఎద్దులు చేశాయి. 1902కి రాన్సమ్స్ వారి పెట్రోలు మిషను కూడా వచ్చేసింది.

మన వైపు అయితే ఇలాంటి మిషన్లు దొరల బంగళాలకీ, జమీందార్ల తోటలకీ, క్లబ్బులకీ, ఆటస్థలాలకీ తగ్గ వస్తువులు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన దేశపు క్రికెట్ జట్టుకి నాయకుడు విజయనగరం రాజకుటుంబానికి చెందిన 'విజ్జీ' గారే కదా. పచ్చిక సమంగా లేనిదే ఆ ఆట సాగదు మరి.

ఇక మన ఇంట్లో ఉన్నదాని వయసు తెలుసుకోవడం ఎలా? ఇంజనీరు అక్కర్లేదు. సంబంధం వచ్చినప్పుడు ఊరూ పేరూ, ఇంటిపేరూ ఆరా తీస్తాం చూడండి, అలాగే ఒక్కొక్కటే అడగాలి.

మొదటిది కంపెనీ పేరు. 'రాన్సమ్స్, సిమ్స్ అండ్ జెఫరీస్' అని పోత పోసి ఉంటే అది 1884కి ముందుది కాదు. 'అట్కో' మిషన్లు 1921లో మొదలయ్యాయి. తరవాత పేటెంటు నంబరు చూడండి. బ్రిటిషు పేటెంట్లకి 1916 ముందు ఏటికేడు ఒకటి నుంచి నంబర్లు వేసేవారు. 1916 నుంచి లక్షా ఒకటితో మొదలుపెట్టి ఒకే వరస నడిపారు. కనుక ఆరంకెల నంబరుంటే ఆ ఏడాదిదో, ఆ తరవాతిదో అన్నమాట.

రెండోది అడ్రసు. మిషను వచ్చిన చెక్కపెట్టెని చాలా ఇళ్ళల్లో బియ్యం డబ్బాల కింద ఎత్తు పెట్టుకుని ఉంటారు. దాన్ని ఒకసారి తిరగేసి చూడండి. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు 'చికాకోల్' అనేవారు. అది 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలోది. ఆ తరవాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం తనే జిల్లా అయింది. విజయనగరం జిల్లా అయితే 1979 జూన్ 1న ఏర్పడింది. పెట్టె మీద 'చికాకోల్, గంజాం జిల్లా' అని ఉంటే ఎప్పటిదో మీరే చెప్పగలరు. రైలు గుర్తు బి.ఎన్.ఆర్. అని ఉంటే, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే, 1952 ఏప్రిల్ 14కి ముందుదని అనుకోవచ్చు. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడు ఉంటే మాత్రం 1972 ఆగస్టు 15 తరవాతిదే.

మూడోది ధర చీటీ. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. నయాపైసలు వచ్చింది ఆ రోజునే కదా.

ఒక్క మాట. ఊరి పేరు మారినా షాపులవాళ్ళు పాత రేకులు కొన్నాళ్ళు కొడుతూనే ఉంటారు. మిషను ఒకప్పుడు తయారై, మరెప్పుడో మన ఊరు చేరవచ్చు. అందుచేత ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి. రెండు మూడు కలిస్తేనే ఖాయం చేసుకోండి.

ఇప్పుడు బాగుచేసే సంగతి. ముందుగా కత్తులు తిరగకుండా మధ్యలో కర్రముక్క దూర్చి తాడుతో కట్టెయ్యండి. ఎంత తుప్పు పట్టినా వేళ్ళు తెగుతాయి. ఏది ఎక్కడుందో సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకోండి. విప్పిన బోల్టులు వంటకి పనికిరాని పాత ఇడ్లీరేకు గుంటల్లో వరసగా పెట్టుకోండి, కలగాపులగం కావు. పట్టేసిన బోల్టుకి తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వండి. పొయ్యికి దూరంగా సుమండీ. ఆ బోల్టులు పాత అంగుళాల లెక్కవి, ఇప్పటి పానాలు సరిగ్గా పట్టవు. అలాగని పారెయ్యకండి, వాటి జత మళ్ళీ దొరకదు.

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గరుకు కాగితంతో పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లలకీ, గర్భిణులకీ హాని. తడిగుడ్డతో తుడవండి. పేరున్న రేకుని సబ్బునీళ్ళతో తప్ప దేనితోనూ ముట్టుకోకండి, అక్షరాలు పోతే వయసు చెప్పే సాక్షి పోయినట్టే.

కత్తులకి పదును పెట్టించడం వర్కుషాపువాళ్ళ పని. గ్రైండింగ్ పేస్టు రాసి, కత్తుల్ని వెనక్కి తిప్పుతూ కింది కత్తికి ఒరిపించమని చెప్పండి. తెచ్చుకున్నాక పేపరు ముక్క మధ్యలో పెట్టి మెల్లగా తిప్పి చూడండి. ఈ చివరనుంచి ఆ చివరదాకా శుభ్రంగా తెగితే పదును కుదిరినట్టు. మనది సముద్రపు గాలి, వాడిన ప్రతిసారీ తుడిచి నూనెగుడ్డ రాయాల్సిందే. తోటసామానులో ఇత్తడి పిచికారీ కూడా ఉంటే, శ్రీకాకుళం జిల్లా బుడితి వంటి చోట ఇత్తడి, కంచు పనిలో చెయ్యితిరిగినవాళ్ళకి చూపించండి. అలా బాగుపడ్డ మిషనుకి పెట్రోలు వద్దు, కరెంటు వద్దు, చిన్న పచ్చికని ఇప్పటికీ చక్కగా కోస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతాను. బాగుచెయ్యడమంటే కొత్తదాన్ని చెయ్యడం కాదు. మా ఇంట్లో మిషను పిడి మీద రెండు చోట్ల కర్ర నున్నగా అరిగి గుంటలు పడింది. వడ్రంగి చిత్రిక పడతానన్నాడు. మా అత్తగారు ఒప్పుకోలేదు. "అవి అతని చేతులే. ఆ మిషను చప్పుడు వింటేనే మాకు తెల్లారేది" అన్నారు. కొన్నవారి పేరు రసీదులో ఉంది, చేసినవారి పేరు ఇనుములో పోతపోసి ఉంది. ఏళ్ళ తరబడి ఎండలో తోసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. అందుకని అవిసెనూనె రాసి పిడిని అలాగే ఉంచాం. అత్తగారు చెబుతుంటే ఆ తోటమాలి పేరూ, ఊరూ రాసి, రసీదుతో కలిపి భద్రం చేశాం.

ఇంగ్లండులో సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో లాన్ మూవర్లకని ప్రత్యేకంగా మ్యూజియమే ఉంది. మనకి అంత అక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్నది గడ్డికోత మిషను కాకపోయినా, ఏ పాత పనిముట్టయినా సరే, అమ్మేముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఎవరు కొన్నారని కాదు, దాంతో ఎవరు పనిచేశారని అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి.